వెలుగుకు తోడెవరు?

వాది: క్యాన్సర్‌కు కాంతి చికిత్స కొత్త ఆలోచనేం కాదు. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఓ సంగతి గమనించాడు. అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలోని పారమీషియంలు వెలుతురు తగిలితే త్వరగా చచ్చిపోతున్నాయి, చీకట్లో ఉంచితే చాలాసేపు బతుకుతున్నాయి. మూడేళ్లు తిరిగేసరికి ఆయన గురువు టాపైనర్ చర్మపు కణుతులకు ఇయోసిన్ అనే రంగు పూసి, వెలుగు పట్టి, వైద్యం చేసి చూశాడు. ఇప్పటి ఫోటోడైనమిక్ థెరపీకి ఆధారం అదే సూత్రం. మందు కణితిలో చేరుతుంది. దానికి తగిన రంగు వెలుగు పడగానే ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు అందుతుంది. ఆ ఆక్సిజన్ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. వెలుగు పడని చోట మందు మామూలుగానే ఉండిపోతుంది. ఇంత గురి ఉన్న వైద్యం నూట పాతికేళ్ల తర్వాత కూడా క్యాన్సర్ ఆసుపత్రిలో ఓ పక్కగదికే పరిమితమైంది. దాన్ని ఎప్పుడూ ఒంటరిగా నిలబెట్టి పరీక్షించడమే అందుకు కారణమని నా వాదన. ఆపరేషన్‌తో, కీమోతో, ఇమ్యునోథెరపీతో కలిపి వాడితేనే దాని సత్తా తెలుస్తుంది.

ప్రతివాది: పక్కగదిలో ఉండిపోవడానికి అసలు కారణం వేరే ఉందండీ. వెలుగు లోతుకు పోదు. 630 నానోమీటర్ల ఎర్ర వెలుగు ఒంట్లో అర సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరు మేర పనిచేస్తుంది. క్యాన్సర్ ప్రాణం తీసేది ఎక్కువగా పాకిన తర్వాత. కాలేయంలో పది చోట్ల, ఎముకల్లో ఇరవై చోట్ల చేరినదాన్ని ఏ లేజరూ వెతికి పట్టుకోలేదు. ఇక కలపడం అంటారా, రెండు చికిత్సలు కలిపితే ఫలితం పెరుగుతుందో లేదో ముందుగా చెప్పలేం. రోగి మీద భారం మాత్రం తప్పకుండా పెరుగుతుంది. ఆసుపత్రికి ఇంకోసారి రావాలి, ఇంకోసారి మత్తు తీసుకోవాలి, ఇంకో బిల్లు కట్టాలి. అందుకే కలపాలనేవాళ్లే రుజువు చూపించాలి.

వాది: చూపిస్తాను. జపాన్‌లో అన్నవాహిక క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చాక కొందరిలో అదే చోట కణితి మిగిలిపోతుంది, లేదా మళ్లీ మొలుస్తుంది. రేడియేషన్ తిన్న అన్నవాహికకు ఆపరేషన్ చాలా ప్రమాదం. మళ్లీ రేడియేషన్ ఇవ్వడానికీ వీల్లేదు. అలాంటి 26 మందికి టాలపోర్ఫిన్ అనే మందు ఇచ్చి ఎండోస్కోపీ ద్వారా వెలుగు పట్టారు. 23 మందిలో అక్కడి కణితి పూర్తిగా పోయింది. ఆ మందును ఇలా వాడటానికి 2015లో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కాంతి చికిత్సకున్న పెద్ద గుణం ఇదే. దానికి జీవితకాలపు మోతాదంటూ పరిమితి లేదు. ఒకసారి చేసిన చోట మళ్లీ చేయొచ్చు. రేడియేషన్ ఇచ్చిన చోటా చేయొచ్చు, ఆ తర్వాత కీమోకు దారి మూసుకుపోదు. తోడుగా ఉండటానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ప్రతివాది: ఆ ఫలితాన్ని నేను కాదనను. నిజంగా మంచి పని అది. అయితే అక్కడ జరిగింది కలపడం కాదు. ఒకటి ఓడిపోయిన చోట ఇంకొకటి దిగింది. వేరే దారి లేని మనిషికి ఓ దారి చూపించడం వేరు, దారి ఉన్న మనిషి వైద్యంలోకి ఇంకోదాన్ని చొప్పించడం వేరు. రెండోదానికి ఉదాహరణ నేను చెబుతాను. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమా ఉంది కదా, ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చేది. ఆపరేషన్ చేస్తే పైకి కనిపించేదంతా తీసేయొచ్చు. కనిపించని పలుచని పొర ఛాతీ గోడకు అంటుకుని ఉండిపోతుంది. పలుచగా, విశాలంగా పరుచుకున్న జబ్బు వెలుగుకు తగినదే కదా అని అందరూ ఆశపడ్డారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 63 మందితో యాదృచ్ఛిక పరీక్ష నడిపింది. ఆపరేషన్ తర్వాత వెలుగు పట్టినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 14 నెలల చిల్లర. పట్టనివాళ్లదీ 14 నెలల చిల్లరే. 1997లో ఆ ఫలితం అచ్చయింది. తర్కం అంత బాగున్నా తేడా రాలేదు.

వాది: అప్పటి పద్ధతి వేరు. తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం ఊపిరితిత్తిని తీసేయకుండా పొరను మాత్రమే ఒలిచి, ఛాతీ లోపలంతా సమానంగా వెలుగు పడేలా కొలుచుకుంటూ చేసింది. వాళ్ల రోగుల మధ్యస్థ ఆయుష్షు మూడేళ్ల దరికి చేరింది.

ప్రతివాది: పోల్చి చూడటానికి రెండో జట్టు ఉందా?

వాది: ఆ లెక్కల్లో లేదు. అది లోపమేనని ఒప్పుకుంటాను. ఆపరేషన్ తట్టుకోగలిగిన గట్టి మనుషుల్ని ఎంచుకోవడం వల్ల కూడా అంకె పెరిగి ఉండొచ్చు. సరే, పోల్చి చూసిన పరీక్ష దగ్గరికే వెళదాం. పిత్తనాళ క్యాన్సర్. కాలేయం నుంచి పిత్తం దిగే గొట్టం మూసుకుపోయి కామెర్లు ముదురుతాయి, దురద నిద్ర పోనివ్వదు, గొట్టంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరంతో వణికిపోతారు. చాలామందికి ఆపరేషన్ కుదరదు. స్టెంట్ వేసి దారి తెరిచి ఉంచడమే చేయగలిగింది. జర్మనీలో 39 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు స్టెంట్ మాత్రమే. రెండో జట్టుకు స్టెంట్‌తో పాటు గొట్టం లోపల వెలుగు. 2003లో ఫలితం బయటికొచ్చింది. స్టెంట్ మాత్రమే వేసిన జట్టులో మధ్యస్థ ఆయుష్షు 98 రోజులు. వెలుగు తోడైన జట్టులో 493 రోజులు. తేడా అంత స్పష్టంగా కనిపిస్తుంటే కొందరికి వెలుగు లేకుండా చేయడం తగదని ఆ పరీక్షను ముందే ఆపేశారు. మూడు నెలలు ఎక్కడ, పదహారు నెలలు ఎక్కడ? రెండేళ్ల తర్వాత జర్మనీలోనే 32 మందితో ఇంకో పరీక్ష జరిగింది. ఏడు నెలలకు ఇరవై ఒక్క నెలలు. తోడు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు అడగగలరా?

ప్రతివాది: అడగక తప్పదు. ఆ 98 రోజులు దేనివల్లో చూడండి. మొదటి పరీక్షలోకి తీసుకున్నవాళ్లు స్టెంట్ వేసినా కామెర్లు తగినంత తగ్గనివాళ్లు. అంటే పిత్తం సరిగ్గా దిగనివాళ్లను వెలుగు లేకుండా వదిలేస్తే వాళ్లు త్వరగా పోయారు. వెలుగు క్యాన్సర్‌ను అదుపు చేసిందా, గొట్టాన్ని తెరిచిందా? రెండోదే ఎక్కువ కావచ్చు. మంచి స్టెంట్లు సరిగ్గా వేసినా ఆ మేలు దక్కేదేమో. ఇవన్నీ ఊహలుగానే ఉండిపోయేవి, బ్రిటన్ వైద్యులు పెద్ద పరీక్షకు పూనుకోకపోతే. ఫోటోస్టెంట్-02 అని పేరు. 92 మంది చేరారు. స్టెంట్ మాత్రమే వేసినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 9.8 నెలలు. వెలుగు తోడైనవాళ్లది 6.2 నెలలు. వెలుగు పట్టినవాళ్లే ముందు పోయారండీ. దాన్నీ మధ్యలోనే ఆపేశారు, ఈసారి వ్యతిరేక కారణానికి.

వాది: ఆ అంకె నన్నూ కలవరపెట్టింది. కానీ దాని కిందున్న ఇంకో అంకె మీరు చెప్పలేదు. స్టెంట్ మాత్రమే వేసిన జట్టులో 52 శాతం మందికి తర్వాత కీమో అందింది. వెలుగు జట్టులో 19 శాతం మందికే అందింది. ఆ క్యాన్సర్‌కు జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు కలిపి ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని అదే బ్రిటన్‌లో 410 మంది మీద చేసిన ఏబీసీ-02 పరీక్ష 2010లో తేల్చింది. జెమ్‌సిటబిన్ ఒక్కటే ఇస్తే 8.1 నెలలు, రెండూ ఇస్తే 11.7 నెలలు. అంటే ఫోటోస్టెంట్‌లో ఓడింది వెలుగు కాదు, కీమో లేని వెలుగు. మీరు నాకు వ్యతిరేకంగా తెచ్చిన సాక్ష్యమే కలపాలన్న నా మాటను బలపరుస్తోంది.

ప్రతివాది: ఇక్కడే మనిద్దరికీ అసలు తేడా. కీమో ఎందుకు అందలేదు? ఎవరో వద్దన్నారని కాదు, వైద్యానికీ రోజులు పడతాయి కనుక. ఈ వైద్యంలో వాడే పోర్ఫిమర్ సోడియం ఎక్కించిన మనిషి కనీసం నెల రోజులు ఎండకు దూరంగా ఉండాలి. కిటికీ పక్కన కూర్చోవాలన్నా జాగ్రత్త. వెలుగు పట్టాక గొట్టం వాస్తుంది, ఇన్ఫెక్షన్ రావచ్చు, మళ్లీ స్టెంట్ మార్చాలి. ఇవన్నీ సర్దుకునేలోపు ఆకలి పోతుంది, బరువు తగ్గుతుంది, రక్తపరీక్షలు కీమోకు పనికిరావంటాయి. పది నెలల ఆయుష్షున్న మనిషికి ఒక నెల అంటే పదోవంతు జీవితం. దాన్ని ఎండ తగలకుండా గడపమంటున్నాం. కాగితం మీద వెలుగు, కీమో రెండూ కలుస్తాయి. బలహీనమైన ఒంట్లో ఒకదాని చోటును ఇంకొకటి ఆక్రమిస్తుంది. మీరు చెప్పిన ఆ 19 శాతం అదే చెబుతోందేమో. అవునో కాదో ఆ పరీక్ష తేల్చలేదు, ఒప్పుకుంటాను. కానీ తేల్చనిదాన్ని మీకు అనుకూలంగా మాత్రం ఎలా చదువుతారు?

వాది: ఆ అభ్యంతరానికి తలవంచుతాను. రోగి రోజుల లెక్క నేను తక్కువ చేసి చెప్పాను. అయితే జవాబు వెలుగును వదిలేయడం కాదు, వరస మార్చడం. నార్వేలో క్రిస్టియన్ బెర్గ్ బృందం వెలుగును కణితిని చంపడానికి కాకుండా కీమో మందును కణం లోపలికి చేర్చడానికి వాడింది. కొన్ని మందులు కణంలోకి వెళ్లినా చిన్న సంచుల్లో చిక్కుకుపోతాయి. వెలుగు ఆ సంచుల్ని పగలగొడుతుంది. పిత్తనాళ క్యాన్సర్‌లో దాన్ని జెమ్‌సిటబిన్‌తో జోడించారు.

ప్రతివాది: దాని మీద మొదలుపెట్టిన పెద్ద పరీక్ష ముగింపుకు రాకుండానే ఆగిపోయింది. 2022లో కీమోకు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తోడై ప్రమాణ వైద్యమే మారిపోయింది. నూతన ఆలోచనలంటే నాకు ద్వేషం లేదు. నిదానంగా నడిచే పరీక్షలు పూర్తయ్యేలోపు పక్కవాళ్లు ముందుకు పోతున్నారు. కలపాల్సిన రెండో వైద్యం ఏదో కూడా మధ్యలో మారిపోతోంది.

వాది: వరస సరిగ్గా కుదిరినప్పుడు ఏమవుతుందో ఒక చిన్న పరీక్ష చూపించింది. ఎండ దెబ్బతో చర్మం మీద వచ్చే, క్యాన్సర్‌గా మారగల మచ్చలకు క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ముందు కొన్ని రోజులు 5-ఎఫ్‌యూ అనే కీమో పూత ఒక వైపే పూశారు. తర్వాత రెండు వైపులా ఎమినోలెవులినిక్ ఆసిడ్ మిథైల్ రూపాన్ని పెట్టి వెలుగు పట్టారు. ఎమినోలెవులినిక్ ఆసిడ్ మన ఒంట్లో సహజంగానే ఉండేది. దాన్నుంచి కణాలే వెలుగుకు స్పందించే పోర్ఫిరిన్‌ను తయారుచేసుకుంటాయి. పూత పూసిన వైపు ఆ పోర్ఫిరిన్ రెండు మూడింతలు పెరిగింది. మూడు నెలలకు పూత ఉన్న వైపు 75 శాతం మచ్చలు పోయాయి, లేని వైపు 45 శాతం. అదే మనిషి, అదే చర్మం, అదే వెలుగు. పోల్చడానికి జట్టు లేదన్న ఫిర్యాదుకు కూడా ఇక్కడ చోటు లేదు.

ప్రతివాది: చర్మం మీద కుదిరిన వరస లోపల కుదరాలంటే ఆక్సిజన్ లెక్క తేలాలి. వెలుగు పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి. పనిచేస్తూ దాన్ని ఖర్చు చేస్తుంది, పైగా కణితికి రక్తం తెచ్చే సన్న నాళాల్ని మూసేస్తుంది. రేడియేషన్‌కూ ఆక్సిజనే కావాలి. అంచేత ముందు వెలుగు పట్టి వెంటనే రేడియేషన్ ఇస్తే కట్టెలు తడిపి పొయ్యి రాజేసినట్టే. గంటల తేడాతో మేలు కీడుగా మారొచ్చు. ఊపిరాడని కణితి కొత్త రక్తనాళాల్ని పిలిచే సంకేతాలు పంపుతుంది. మిగిలిపోయిన కణాలకు అది బలం. ఈ విషయాలు ప్రయోగశాలలో తెలిసినంత బాగా మనుషుల్లో తెలియవు. ఏ మోతాదు, ఎన్ని గంటల ఎడం, ఎన్నిసార్లు? జవాబుల్లేని పట్టీ పెద్దదే.

వాది: ఆ పట్టీలో నేను అన్నిటికన్నా ముందు రాసే ప్రశ్న మన రోగనిరోధక శక్తి గురించి. వెలుగుతో చచ్చే కణం చప్పుడు లేకుండా చావదు. మామూలుగా లోపల దాగుండే కాల్‌రెటిక్యులిన్ లాంటి ప్రోటీన్లు ఉపరితలానికి వస్తాయి. ఒంటికాపలా కణాలు వాటిని చూసి, ఇక్కడ ఏదో జరిగిందని పరుగున వచ్చి, ఆ ముక్కల్ని మోసుకెళ్లి మిగతా సైన్యానికి చూపిస్తాయి. ఎలుకల్లో దీనికి గట్టి సాక్ష్యం ఉంది. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో వెలుగు కణితిని మొదట కరిగిస్తుంది, కానీ అది మళ్లీ వస్తుంది. మామూలు ఎలుకల ఎముక మజ్జను వాటికి ఎక్కిస్తే నయం కావడం మొదలవుతుంది. అంటే చివరి దెబ్బ వెలుగుది కాదు, ఒంటిది. ఇక పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఆ సైన్యానికి వేసిన కళ్లేన్ని విప్పుతాయి. ఒకటి శత్రువును చూపిస్తుంది, ఇంకొకటి చేతులు విప్పుతుంది. మీరు మొదట్లో అడిగారే, పాకినదాన్ని వెలుగు ఎలా పట్టుకుంటుందని. దానికి నా జవాబు ఇదే. వెలుగు పట్టుకోదు, వెలుగు మేల్కొలిపిన సైన్యం పట్టుకుంటుంది.

ప్రతివాది: ఎలుకల్లో పట్టుకుంది.

వాది: మనుషుల్లోనూ మొదలైంది. హిసాటకా కొబయాషి బృందం 2011లో ఒక రంగుమందును నేరుగా యాంటీబాడీకి తగిలించింది. యాంటీబాడీ వెళ్లి క్యాన్సర్ కణానికే అతుక్కుంటుంది. 690 నానోమీటర్ల వెలుగు పడగానే ఆ కణం పొర చిట్లిపోతుంది. పక్క కణానికి దెబ్బ తగలదు. 2020 సెప్టెంబరులో జపాన్ ఈ చికిత్సకు తల, మెడ క్యాన్సర్లలో షరతులతో అనుమతి ఇచ్చింది. ఇప్పుడు దాన్ని పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి పెద్ద పరీక్ష నడుపుతున్నారు.

ప్రతివాది: షరతులతో అన్న మాటను వదలకండి. ఆ అనుమతికి ఆధారమైన లెక్కల్లో ముఖ్యమైనది 30 మందిది. అన్ని మందులూ అయిపోయినవాళ్లు. 13 మందిలో కణితి కుంచించింది, వాళ్లలో నలుగురికి పూర్తిగా పోయింది. అలాంటి స్థితిలో నలుగురంటే తక్కువ కాదు, ఆ నలుగురి ఇళ్ల గురించి ఆలోచిస్తే నా నోటమాట రాదు. అయినా పోల్చి చూసే పెద్ద పరీక్ష ముగిసేదాకా, రెండూ కలిపితే ఒక్కొక్కదానికన్నా మేలని ఎవరూ అనకూడదు. ఇంత ఖరీదైన రెండు చికిత్సల్ని కలపాలంటే ఆ ఒక్క మాట గట్టిగా తెలియాలి.

వాది: ఖరీదు మాట వచ్చింది కాబట్టి మన నేల మీదికి వద్దాం. మన దేశంలో ఏటా లక్షకు పైగా కొత్తగా నోటి క్యాన్సర్లు బయటపడుతున్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరం ఊళ్లలో అడ్డపొగ తాగే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి అంతా తెల్లబారుతుంది, అక్కడక్కడ పుండ్లు, కొన్నేళ్లకు క్యాన్సర్. ఒక కణితిని కోసి తీసేసినా అంగిలి మొత్తం దెబ్బతిన్నదే. పక్కన మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు కోస్తారు? మచ్చ మిగల్చకుండా, మాట, మింగుడు చెడకుండా, పలుచగా పరుచుకున్న జబ్బు మీద పదేపదే చేయగలిగింది ఇంకేముంది? అలీగఢ్ వైద్యులు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ యంత్రాన్ని ఈ పనికే తయారుచేసి, తొలిదశ నోటి కణుతుల మీద వాడి చూశారు. ఎమినోలెవులినిక్ ఆసిడ్ తాగిస్తారు. దానికి నెల రోజులు ఎండకు దూరంగా ఉండక్కర్లేదు, ఒకటి రెండు రోజుల జాగ్రత్త చాలు. ఎక్కువ మందిలో కణితి పూర్తిగా కరిగింది. కరెంటు నిలకడ లేని ఊళ్లో కూడా పనిచేసే వైద్యమిది.

ప్రతివాది: నా మనసు మీ వైపు మొగ్గేది ఇక్కడే. లక్షలు పోసి లేజర్లు కొనలేని జిల్లా ఆసుపత్రికి అలాంటి యంత్రం చేరాలని నేనూ కోరుకుంటాను. కానీ నోటి క్యాన్సర్‌లో ఆయుష్షును తేల్చేది చాలాసార్లు నోరు కాదు, మెడ. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2015లో తేల్చిన సంగతి ఇది. నోట్లో తొలిదశ కణితి ఉన్నవాళ్లకు మెడలో గడ్డలు చేతికి తగలకపోయినా ముందే అక్కడి గ్రంథుల్ని తీసేస్తే మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ కనిపించేదాకా ఆగినవాళ్లలో 67.5 శాతమే. మీ ఎల్ఈడీ అంగిలిని బాగుచేస్తుంది, మెడను తాకదు. నోట్లో పుండు పోయింది, బాగుపడ్డానని ఆ అమ్మ ఇంటికెళ్లిపోతే, ఆరు నెలల తర్వాత మెడలో గడ్డతో తిరిగొస్తే, దానికి ఎవరు జవాబుదారీ?

వాది: నోటికి వెలుగు, మెడకు కత్తి. నేను కోరే జోడింపు సరిగ్గా అదే. దవడ, నాలుక మిగులుతాయి, మెడ ప్రమాదం తప్పుతుంది.

ప్రతివాది: అలా పరీక్ష పెట్టండి, సంతకం చేసే మొదటివాణ్ని నేనే. మెడ ఆపరేషన్ అందరికీ. నోటికి సగం మందికి కత్తి, సగం మందికి వెలుగు. మూడేళ్లు, ఐదేళ్లు వెంట ఉండి లెక్క చూడండి. తిరుగు పరీక్షకు రావడానికి బస్సు ఛార్జీ దొరకని రోగిని మధ్యలో జారిపోనివ్వకండి. ఆ పరీక్ష అయ్యేదాకా, ఆపరేషన్‌తో నయమయ్యే మనిషికి వెలుగు మాత్రమే చాలని చెప్పడం తప్పు.

వాది: ఒప్పుకుంటాను. అదే నియమం అటువైపూ వర్తించాలి. ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ అవకాశం లేక ఇంటికి పంపేస్తున్న మనిషికి వెలుగు మాట చెప్పకపోవడమూ తప్పే. ఆ అన్నవాహిక రోగులు 26 మందిలో 23 మంది నాకు గుర్తొస్తూనే ఉంటారు. ఫోటోస్టెంట్ విషయంలో మాత్రం మీతో నేను ఏకీభవించను. కీమో సమానంగా అందిన రెండు జట్లతో మళ్లీ పరీక్ష పెట్టకుండా ఆ తలుపు మూసేయడానికి ఒప్పుకోను.

ప్రతివాది: తలుపు మూయమనను. తెరిచేముందు రోగితో ఒక మాట చెప్పమంటాను. కాంతి చికిత్స చేస్తామని ఎవరైనా అంటే రోగులూ, ఇంట్లోవాళ్లూ అడగాల్సినవి ఇవి. ఇది నా ప్రమాణ వైద్యానికి తోడా, బదులా? దీనివల్ల నా కీమో, నా ఆపరేషన్ ఎన్ని వారాలు వెనక్కి పోతాయి? ఎండకు ఎన్ని రోజులు దూరంగా ఉండాలి? మెడలో, కాలేయంలో ఉన్నదానికి ఏం చేస్తారు? ఇది పరీక్ష కిందకి వస్తే దాని నమోదు సంఖ్య ఎంత? మన దేశంలో కొత్తగా మొదలుపెట్టే క్లినికల్ ట్రయల్స్‌ను 2009 నుంచి సీటీఆర్ఐ అనే జాబితాలో తప్పనిసరిగా నమోదు చేయాలి. ఆ జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ సంఖ్య అడిగి తీసుకోండి.